బత్తానా, బిల్లులా, రేటులో కలిపేయడమా? ఊరూరా తిరిగే కాంట్రాక్టరు తిండి, బస ఖర్చులు రాబట్టుకునే దారులు

రాజోలులో ఇల్లు, గాడిమొగలో పని. తణుకులో ఇల్లు, ఓడలరేవులో పని. మధ్యలో పాయలు, కాలవలు, వంతెనల దగ్గర ఆగిపోయే లారీలు. మ్యాపులో చూస్తే డెల్టా అంతా జానెడే గానీ, పొద్దున్న ఎనిమిదికల్లా సైటులో ఉండాలంటే అక్కడే మకాం వెయ్యక తప్పదు. మండపేట వైపు రైస్ మిల్లు ఫిట్టర్లు, భీమవరం చెరువుల మీద ఏరియేటర్లు, ప్యానెల్ బోర్డులు బిగించేవాళ్లు, కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా లైన్లు చూసేవాళ్లు, గ్యాస్ పైపులైను వెల్డర్లు, సర్వే ఇంజినీర్లు, సీసీ కెమెరాల వాళ్లు... నెలాఖరుకి అందరి దగ్గరా తేలని లెక్క ఒకటే. లాడ్జికీ హోటలుకీ పెట్టిన డబ్బు ఎవరి ఖాతాలో పడాలి?

ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. పని ఇచ్చినవాళ్ల దగ్గర ఈ ఖర్చు ఎలా రాబట్టుకోవాలన్నది మొదటిది. ఆదాయపు పన్ను లెక్కలో ఎలా చూపించుకోవాలన్నది రెండోది. మనవాళ్లలో ఎక్కువమంది రెండోదాని గురించే బెంగపడతారు. ఏడాది పొడుగునా హోటలు బిల్లులు ఒక కవరులో కుక్కి, జూలైలో ఆడిటరు గారి బల్ల మీద కుమ్మరిస్తారు. ఆయన వాటిని విప్పి కూడా చూడరు. ఎందుకు చూడరో కింద చెబుతాను. చిన్న కాంట్రాక్టరుకి డబ్బు మిగిలేదీ పోయేదీ పని ఒప్పుకునే రోజున మాట్లాడుకునే మాటల్లోనే, కవరులో బిల్లుల్లో కాదు.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

చట్టం లెక్కలో మీరు ఎవరు? ఇది అన్నిటికన్నా ముందు. మీ పేరున జమైన పన్ను వివరాలు చూపే ఫారం 26ఏఎస్ తీసి, మీ డబ్బులో టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) ఏ సెక్షను కింద కోశారో చూడండి. 192 అని ఉంటే పిలుపుకి కాంట్రాక్టు అయినా మీరు జీతగాడే. 194సీ అయితే కాంట్రాక్టరు. వ్యక్తికి 1 శాతం కోస్తారు, అదీ ఒక బిల్లు 30 వేలు దాటితేనో, ఏడాది మొత్తం లక్ష దాటితేనో. 194జే అయితే వృత్తి నిపుణులు లేదా సాంకేతిక సేవలవాళ్లు. మొదటివాళ్లకి 10 శాతం, రెండోవాళ్లకి 2 శాతం. (2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి. ఆఫీసుల్లో ఇప్పటికీ నోట్లో ఆడేవి పాత నంబర్లే కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాను.)

పని ఎన్ని రోజులు పడుతుందో మీ చేతిలో ఉందా? మిల్లులో బేరింగులు మార్చడమైతే రెండు రోజులని చెప్పేయొచ్చు. పెద్ద కాంట్రాక్టరు పైపులు తెస్తే గానీ మొదలవని వెల్డింగు అయితే మీ అంచనాకి విలువ లేదు.

మీ డబ్బు ఎన్నాళ్లు ఇరుక్కుంటుంది? బిల్లు పెట్టిన 45 రోజులకు ఇచ్చే కంపెనీకి పనిచేస్తూ లాడ్జి డబ్బు మీరే కడుతున్నారంటే, ఆ కంపెనీకి మీరు వడ్డీ లేకుండా అప్పు ఇస్తున్నట్టే.

బిల్లు దొరికే చోటేనా? రాజమహేంద్రవరం, కాకినాడల్లో దొరుకుతుంది. సైటు పక్కన మెస్సులో అన్నం తిని బిల్లు అడిగి చూడండి. "బిల్లేటండీ, అందరూ ఇలాగే తిని వెళ్తన్నారు కదా" అంటూ నోటు పుస్తకంలో ఒక చింపు చింపి, "భో 2, గుడ్డు 1" అని రాసి చేతిలో పెడతారు. పేరుండదు, తేదీ ఉండదు. కంపెనీ అకౌంట్సు విభాగంలో ఆ చీటీ చెల్లదు.

జీఎస్టీ నంబరు ఉందా? సేవలకి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటాక తప్పనిసరి. ఉన్నవాళ్ల లెక్క వేరు, లేనివాళ్ల లెక్క వేరు.

## మొదటి దారి: అన్నీ రేటులో కలిపేయడం

"పని, తిండి, రూము అన్నీ కలిపి ఇంత" అని ఒకే మాట. బిల్లులు లేవు, ఓచర్లు లేవు, సూపర్‌వైజరుతో వాదన లేదు. రామచంద్రపురంలో మేనత్త ఇంట్లో పడుకుంటే రూము డబ్బు మిగులు మీదే. పొదుపరికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

దెబ్బ తగిలేది రోజులు పెరిగినప్పుడు. పది రోజుల పని, రోజుకి రూము 900, తిండి 400 వేసుకుని 13 వేలు రేటులో కలిపారనుకుందాం. సామాను రాక పని పదహారు రోజులైంది. ఆ ఆరు రోజులకి 7,800 మీ జేబులోంచే. అది చాలక, ఆ వారంలో ఇంకో చోట చెయ్యాల్సిన పని కూడా పోయింది. డెల్టాలో ఇది అరుదేమీ కాదు. జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఎగరేస్తే లంకల్లో పనులు ఆగిపోతాయి, కాజ్‌వేలు మునుగుతాయి. తప్పు మీది కాదు, కంపెనీదీ కాదు. అయినా లాడ్జివాడు రూము అద్దె మానడు.

రేటు పోల్చేటప్పుడు ఇంకో ఇబ్బంది. అదే ఊళ్లో ఉండేవాడు బస ఖర్చు లేకుండా రేటు చెబుతాడు, మీరు కలిపి చెబుతారు. రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టగానే మీది ఎక్కువగా కనిపిస్తుంది. ఇలాంటి చోట పని రేటు ఒక వరుసలో, బస, తిండి ఇంకో వరుసలో రాసి కొటేషను ఇవ్వండి. మొత్తం అదే అయినా చూసేవాళ్లకి తేడా ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

చిన్న పనులకి, రోజులు మీ చేతిలో ఉన్న పనులకి ఇదే సరైన దారి అని నా అభిప్రాయం. వారం దాటే పనికి మాత్రం "అనుకున్న రోజులు దాటితే మా తప్పు లేని ప్రతి రోజుకీ ఇంత" అనే షరతు లేకుండా ఒప్పుకోవద్దు.

## రెండో దారి: రోజు బత్తా

మనిషికి రోజుకి ఇంత. మీరు పెసరట్టు ఉప్మాతో సరిపెట్టుకున్నా, రాత్రికి పులస కూర తిన్నా కంపెనీకి సంబంధం లేదు. కారు డ్రైవర్ల దగ్గర్నుంచి డ్రిల్లింగు రిగ్గుల వరకు అందరికీ అలవాటైన పద్ధతి కాబట్టి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఎంత అడగాలి? బేరానికి ఒక ఆధారం కావాలంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల రేట్లు చూడండి. ఏడో వేతన సంఘం తర్వాత 2017లో పెట్టిన లెక్క ప్రకారం, అన్నిటికన్నా కింది స్థాయి ఉద్యోగికి క్యాంపు మీద రోజుకి తిండికి 500, హోటలుకి 450 వరకు ఇచ్చేవారు. ఆపై స్థాయికి తిండికి 800, హోటలుకి 750. ఆ 450కి ఈ రోజుల్లో కాకినాడలో మనిషి పడుకునే రూము దొరకడం కష్టమే. అయినా "తిండికి 200 చాలదా?" అనే సూపర్‌వైజరుకి చూపించడానికి పనికొస్తుంది.

బత్తాలో గొడవంతా అంకె దగ్గర రాదు, రోజుల లెక్క దగ్గర వస్తుంది. ప్రయాణం చేసిన రోజు రోజేనా? ఆదివారం? వాన కూర్చోబెట్టిన రోజు? కరెంటు లేక, క్రేన్ రాక ఖాళీగా కూర్చున్న రోజు? ఈ నాలుగూ ముందే తేల్చుకోకపోతే చివరి బిల్లులో సగం బత్తా కొట్టేస్తారు. సఖినేటిపల్లి రేవులో నది దాటించే చివరి పంటు వెళ్లిపోయిందనుకోండి. నరసాపురం ఎదురుగానే దీపాలతో కనిపిస్తుంటుంది. వెళ్లాలంటే మాత్రం మలికిపురం, దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కి పాలకొల్లు చుట్టి రావాలి. పని సాయంత్రం ఆరుకి అయిపోయినా ఆ రాత్రికి అక్కడే ఆగాల్సి రావచ్చు. దాన్ని నైట్ హాల్టుగా లెక్కేస్తారా? ముందే అడగండి.

పన్ను సంగతికొస్తే "బత్తాకి టాక్సు లేదు" అన్న మాట బాగా ప్రచారంలో ఉంది. అది జీతగాళ్ల సంగతి. కంపెనీ ఉద్యోగి టూరు మీద వెళ్తే వచ్చే రోజువారీ భత్యం, నిజంగా ఖర్చు పెట్టినంత మేరకు పన్ను నుంచి మినహాయింపు, పాత విధానంలోనూ కొత్త విధానంలోనూ. కాంట్రాక్టరుకి ఆ మినహాయింపు లేదు. మీకు వచ్చిన బత్తా మీ టర్నోవరులో భాగమే. 26ఏఎస్‌లో 192 ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. మీకు బత్తా లేదా బిల్లు మీద రీయింబర్స్‌మెంటు తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు.

## మూడో దారి: బిల్లులు పెట్టి తీసుకోవడం

చూడటానికి అన్నిటికన్నా న్యాయంగా కనిపించేది ఇదే. ఎంత ఖర్చైతే అంత వస్తుంది. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కోడిపందేల జనంతో లాడ్జిలు నిండిపోయి రూము రేటు ఎక్కడికో పోయినా, ఆ భారం మీ మీద పడదు. పెళ్లి ముహూర్తాలప్పుడూ అంతే. 2027లో గోదావరి పుష్కరాలు. ఆ రోజుల్లో రాజమహేంద్రవరం, కొవ్వూరు వైపు పని పడితే రేటులో కలిపి ఒప్పుకోవడం సాహసమే. బిల్లు మీదే తీసుకోవాలి.

చిక్కులు చాలా ఉన్నాయి. ముందు మీ డబ్బు పెట్టాలి. తర్వాత "ఈ బిల్లులో కంపెనీ పేరు లేదు", "రోజుకి 800 దాటకూడదని మా పాలసీ" అంటారు. ఆ పాలసీ ముందు ఎవరూ చూపించి ఉండరు. లాడ్జి బిల్లు తీసుకునేటప్పుడు నాలుగు చూసుకోండి: లాడ్జి పేరు, చిరునామా అచ్చులో ఉండాలి, మీ పేరు ఉండాలి, దిగిన తేదీ, ఖాళీ చేసిన తేదీ ఉండాలి, డబ్బు ముట్టినట్టు ఉండాలి. చిన్న లాడ్జికి జీఎస్టీ నంబరు లేకపోయినా ఆదాయపు పన్నుకి ఆ బిల్లు పనికొస్తుంది. ఫోన్‌పే కట్టామన్న ధీమా ఒక్కటే చాలదు. మెస్సుల్లో స్కానరు యజమాని సొంత పేరు మీదో, వాళ్లబ్బాయి పేరు మీదో ఉంటుంది. ఆరు నెలల తర్వాత స్టేట్‌మెంటులో ఆ పేరు చూస్తే అది అన్నానికి కట్టిందో చేబదులు తీర్చిందో మీకే గుర్తుండదు. కట్టేటప్పుడే నోట్ అని ఉన్న చోట "మెస్సు, ఓడలరేవు సైటు" అని కొట్టండి, రెండు సెకన్ల పని.

టీడీఎస్ దగ్గర ఇంకో మెలిక. పని డబ్బు, రీయింబర్స్‌మెంటు ఒకే బిల్లులో కలిపి పెడితే మొత్తం మీద కోస్తారు. 1995లో సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) ఇచ్చిన 715వ సర్క్యులరు చెప్పేది అదే. అసలు బిల్లులు జతచేసి, ఖర్చుల వరకు విడిగా క్లెయిము పెడితే చాలా కంపెనీలు దాని మీద కొయ్యవు. కొన్ని కోస్తాయి. 194సీ వాళ్లకి ఒక శాతమే కాబట్టి దాని కోసం పోట్లాడటం దండగ, రిటర్ను వేస్తే తిరిగొస్తుంది. 194జే కింద పది శాతం కోయించుకునే ఇంజినీరుకి మాత్రం అది పెద్ద మొత్తమే.

జీఎస్టీ ఉన్నవాళ్లకి ఈ దారి ఇంకా ఇరుకు. మీరు సేవ చెయ్యడానికి పెట్టిన ఖర్చు కస్టమరు దగ్గర తీసుకుంటే అది మీ సేవ విలువలో భాగమే. అంటే లాడ్జి డబ్బు మీద కూడా మీ పని రేటే, మామూలుగా 18 శాతం, వెయ్యాలి. "ప్యూర్ ఏజెంటు" అని ఒక నిబంధన ఉంది గానీ, అది కస్టమరు తరఫున కట్టిన ఫీజుల్లాంటి వాటికి. మీరు పడుకున్న రూముకి అతకదు. పోనీ లాడ్జిలో కట్టిన జీఎస్టీ మీరు వెనక్కి తీసుకుందామా అంటే, భోజనాల మీద ఇన్‌పుట్ క్రెడిట్ చట్టమే ఆపేసింది. రోజుకి 7,500 లోపు రూములకి 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం పన్ను, క్రెడిట్ లేదు. కస్టమరు జీఎస్టీ ఉన్న కంపెనీ అయితే మీరు వేసిన 18 శాతం వాళ్లు క్రెడిట్ తీసుకుంటారు, ఎవరికీ నొప్పి లేదు. రొయ్యల చెరువు రైతైతే అది పూర్తిగా ఆయన నెత్తిన పడే బరువు. వెయ్యి రూపాయల రూముకి 1,180 ఇమ్మంటే "నా గట్టు మీద షెడ్డు లేదేటండీ?" అంటాడు. ఆయన అన్నది సబబే.

## నాలుగో దారి: వాళ్లే రూమిచ్చి, అన్నం పెట్టడం

కంపెనీ గెస్ట్‌హౌసు, సైటు మెస్సు, లేదా లాడ్జివాడికి కంపెనీ నేరుగా కట్టడం. రైతుల దగ్గరైతే చెరువు గట్టు మీద షెడ్డు, కాపలావాడి వంట. మీ డబ్బు పైసా ఇరుక్కోదు, బిల్లు గోల లేదు, మీ టర్నోవరులోకి ఏమీ రాదు.

కాగితం మీద ఇంత బాగున్నా, మనుషులు దీన్ని తప్పించుకోవాలని చూడటానికి కారణాలున్నాయి. రూముకి ఇద్దరని చెప్పి ఐదుగురిని పడేస్తారు. సైటు ఒక చోట, గెస్ట్‌హౌసు పాతిక కిలోమీటర్ల అవతల ఉంటుంది, మధ్యలో బండి పెట్రోలు మీదే. రాత్రి తొమ్మిదికి మెస్సు కట్టేస్తారు, మీరు పని దిగేది పదింటికి. కార్తీక మాసంలో అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాడు టీములో ఉంటే ఆ మెస్సులో తినలేడు. విడిగా వండుకోవడానికి చోటు, గ్యాసు అడగాలి. అడగడానికి మొహమాటపడితే నలభై రోజులు అరటిపళ్లతో గడపాలి.

అందుకే ఒప్పుకునే ముందు ఒకసారి వెళ్లి రూము చూసి రండి. లేదా "రూము మీది, తిండి మాకు బత్తా" అని విడగొట్టండి. ఎక్కువ రోజుల పనికి ఈ కలగలుపే నాకు నచ్చుతుంది. ఎగుడుదిగుళ్లు ఉండేది రూము రేటులోనే కాబట్టి ఆ భయం కంపెనీకి వదిలేసి, తిండి స్వేచ్ఛ మన దగ్గర పెట్టుకోవడం.

| | రేటులో కలపడం | రోజు బత్తా | బిల్లుల మీద | వాళ్లే ఇవ్వడం |
|---|---|---|---|---|
| రోజులు పెరిగితే నష్టం | మీకు | కంపెనీకి, షరతు రాసుంటే | కంపెనీకి | కంపెనీకి |
| రూము రేటు పెరిగితే | మీకు | మీకు | కంపెనీకి, పరిమితి వరకు | కంపెనీకి |
| పొదుపు చేస్తే మిగులు | మీకు | మీకు | ఏమీ రాదు | ఏమీ రాదు |
| ముందు పెట్టే డబ్బు | మీది | అడ్వాన్సు అడగొచ్చు | మీది | అక్కర్లేదు |
| కాగితాల పని | లేదు | రోజుల లెక్క | చాలా | లేదు |
| టర్నోవరులో కలుస్తుందా | అవును | అవును | ఒకే బిల్లైతే అవును | కాదు |

## ఇక పన్ను లెక్క: ఆడిటరు గారు కవరు ఎందుకు విప్పరు

చిన్న కాంట్రాక్టర్లు ఎక్కువమంది 44ఏడీ కింద రిటర్ను వేస్తారు. టర్నోవరు 2 కోట్ల లోపు (నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 3 కోట్ల లోపు) ఉన్నవాళ్లకి లాభం ఇంత అని చట్టమే అనుకుంటుంది. బ్యాంకు ద్వారా వచ్చిన దాని మీద 6 శాతం, నగదు మీద 8 శాతం. అంతకన్నా ఎక్కువ లాభం వస్తే ఎక్కువే చూపించాలి. ఖర్చులన్నీ ఆ అంచనాలోనే కలిసిపోయాయి. కాబట్టి లాడ్జి బిల్లు, మెస్సు బిల్లు విడిగా తగ్గించుకోవడానికి వీల్లేదు. కవరు విప్పకపోవడానికి అసలు కారణం ఇదే.

పైగా 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటుతో పన్ను సున్నా. 2 కోట్ల టర్నోవరుకి 6 శాతం అంటే సరిగ్గా 12 లక్షలు. నిజంగా లాభం అంత కన్నా మించనివాడు, వేరే ఆదాయం లేనివాడు, తిన్న ఇడ్లీకి బిల్లు దాచి ఏం సాధిస్తాడు? బత్తా నగదుగా తీసుకుంటే 8 శాతం, బ్యాంకులో వేయించుకుంటే 6 శాతం. ఈ విధానంలో ఉన్నవాళ్లు బత్తా విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఈ తేడా ఒక్కటే.

సివిల్ ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, సాంకేతిక సలహాదారుల సంగతి వేరు. వాళ్లది 44ఏడీఏ. వసూళ్లు 50 లక్షల లోపు (నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల లోపు) అయితే అందులో సగం లాభమని లెక్క. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఏడాదిలో లాడ్జి, భోజనాల కింద కంపెనీ మీకు 2 లక్షలు తిరిగి ఇచ్చిందనుకుందాం. అది మీ ఫీజు బిల్లులో కలిసి ఉంటే, ఖర్చు మొత్తం లాడ్జివాడికి పోయినా లక్ష రూపాయలు మీ లాభంగా తేలుతుంది. పది శాతం చొప్పున 20 వేలు టీడీఎస్ కింద ఇరుక్కుంటుంది. అదే 44ఏడీ కాంట్రాక్టరుకైతే పెరిగే లాభం 12 వేలు, టీడీఎస్ 2 వేలు. అంచేత ఇంజినీర్లకి నా సలహా మొహమాటం లేకుండా నాలుగో దారే. రూము కంపెనీ పేరు మీద బుక్ చెయ్యమనండి, బిల్లు వాళ్లే కట్టమనండి. వసూళ్లు 24 లక్షల లోపే ఉండి వేరే ఆదాయం లేకపోతే పన్ను ఎలాగూ సున్నాయే, అప్పుడు టీడీఎస్ వాపసు ఆలస్యం తప్ప బాధ లేదు.

### బిల్లులు నిజంగా పనికొచ్చేది వీళ్లకే

పరిమితులు దాటినవాళ్లు, ఎల్‌ఎల్‌పీ, కంపెనీ పెట్టుకున్నవాళ్లు, సామాను, కూలీలు పోను 6 శాతం కూడా మిగలనివాళ్లు, సగానికన్నా ఎక్కువ ఖర్చయ్యే సర్వేయర్లు. వీళ్లు పుస్తకాలు రాసి అసలు లాభం చూపిస్తారు. అప్పుడు ప్రతి రాత్రి బసా ఖర్చే, పని కోసమే అయిందని చూపించగలిగితే చాలు. ఊరు దాటి వెళ్లినప్పటి భోజనం రాసుకోవచ్చు. సొంత ఊళ్లో ఆఫీసు పక్కన తిన్న మధ్యాహ్నం భోజనం సొంత ఖర్చే. టీముకి పెట్టిన భోజనం వ్యాపార ఖర్చు. పని మీద వెళ్లి, ఆదివారం ఇంటివాళ్లని పిలిపించుకుని ద్రాక్షారామం, అంతర్వేది తిప్పితే ఆ రోజు రూము మీది. "బార్ అండ్ రెస్టారెంట్" అని అచ్చేసిన బిల్లు ఫైలులో పెట్టకండి. అందులో మీరు తిన్నది పెరుగన్నమే అయినా చూసేవాళ్లు నమ్మరు.

ఎక్కువమంది చూసుకోనిది నగదు పరిమితి. ఒకే మనిషికి ఒకే రోజు 10 వేలు దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు మొత్తం చెల్లదు. అమలాపురంలో రోజుకి 800 చొప్పున పదిహేను రోజులు దిగి, ఖాళీ చేసేటప్పుడు 12 వేలు నోట్లు లెక్కపెట్టి ఇచ్చారా? 2 వేలు కాదు, 12 వేలూ ఎగిరిపోయినట్టే. ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు బదిలీ ఏదైనా సరే ఈ గొడవ ఉండదు. వారం వారం కట్టినా సరిపోతుంది. కాగితాలు కనీసం ఏడేళ్లు దాచండి. లాడ్జి బిల్లుల్లో వేడి అచ్చు కాగితం ఏడాదిలో తెల్లబడిపోతుంది, ఫొటో తీసి ఉంచుకోండి.

ఖర్చులు చూపించుకుందామని ఒక ఏడాది 44ఏడీ వదిలేసి, మరుసటి ఏడాది మళ్లీ రావాలనుకుంటే కుదరదు. అయిదేళ్లు పూర్తి కాకుండా బయటికొస్తే తర్వాత అయిదేళ్లు లోపలికి రానివ్వరు. ఆదాయం పన్ను పరిమితి దాటితే ఆ ఏళ్లలో పుస్తకాలు, ఆడిటు తప్పవు. లాడ్జి బిల్లుల కోసం ఈ పని చేసేవాడికి ఆడిట్ ఫీజే ఎక్కువవుతుంది.

## ఎవరికి ఏది

ఒంటరిగా తిరిగే ఫిట్టరు, మెకానిక్కు, రెండు మూడు రోజుల పనులు: రేటులో కలిపేయండి, 44ఏడీలో ఉండండి, హోటలు బిల్లుల సంగతి మర్చిపోండి.

పదిమంది టీముతో నెల రోజులు దిగే సబ్ కాంట్రాక్టరు: రూము కంపెనీది, తిండికి బత్తా, వారం అడ్వాన్సు. కుర్రాళ్లకి బత్తా మీరు ఇచ్చేటప్పుడు ఒక పుస్తకంలో సంతకాలు తీసుకోండి. పన్ను కోసం కాకపోయినా, "నాకు శనివారానిది ముట్టలేదన్నా" అనే మాట రాకుండా.

44ఏడీఏ ఇంజినీరు, సలహాదారు: కంపెనీయే నేరుగా కట్టాలి. అది కుదరకపోతే అసలు బిల్లులతో విడి క్లెయిము, ఫీజు బిల్లులో కలపొద్దు.

జీఎస్టీ ఉండి రైతులకి పనిచేసేవాళ్లు: షెడ్డు, అన్నం వాళ్లదే. కంపెనీలకి పనిచేసేటప్పుడు ఏదైనా ఫర్వాలేదు.

యానాంలో పని చేసేవాళ్లకి ఒక మాట. ఎదుర్లంక వంతెన దాటితే పుదుచ్చేరి. ఆంధ్రలో రిజిస్టరైన మీరు అక్కడి కంపెనీకి వేసే బిల్లు అంతర్రాష్ట్రం కిందకి వస్తుంది, ఐజీఎస్టీ వెయ్యాలి. బత్తా ఆ బిల్లులో ఉంటే దానికీ అదే.

ఏ దారి పట్టినా నోటి మాట మీద వదలొద్దు. వర్క్ ఆర్డరు ఇవ్వని చోట వాట్సాప్ సందేశమైనా చాలు, వాళ్ల దగ్గర్నుంచి "ఓకే" వస్తే సరి. ఇలా రాయొచ్చు:

"సార్, నమస్తే అండి. రేపటి నుంచి పనికి నలుగురం వస్తున్నాం. రూములు రెండు మీ తరఫున. తిండికి మనిషికి రోజుకి 400, వచ్చే రోజు, వెళ్లే రోజు కలిపి. వాన వల్ల గానీ, సామాను రాక గానీ పని ఆగితే ఆ రోజులకీ బత్తా ఉంటుంది. ఆదివారం పని లేకపోయినా సైటులోనే ఉంటే బత్తా ఉంటుంది. ప్రతి శనివారం అకౌంటులో వెయ్యాలి. సరే అనుకుంటే ఓకే పెట్టండి సార్, పొద్దున్నే బయల్దేరతాం."